వోల్టేజి ఉన్నది, వెలుగు లేదు

చెన్నై నుండి కలకత్తా వఱకు తూర్పుతీరమును ఒరసికొని పోవు రహదారి ఒకప్పుడు గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డనియు, పిమ్మట అయిదవ నంబరు జాతీయ రహదారియనియు పిలువబడి, 2010లో జరిగిన నంబర్ల మార్పుతో పదునాఱవదైనది. పేరేదైనను అది గూడూరు విడిచి నెల్లూరు చేరులోపల మనుబోలు మీదుగా పోవుట మాత్రము మారలేదు. కృష్ణపట్నపు రేవునకు పోయివచ్చు లారీలును, గూడూరు నిమ్మకాయల బస్తాల నెక్కించిన బండ్లును, తీరమందలి గుంటలనుండి మంచుముక్కల నడుమ రొయ్యలను నింపుకొని నీరు కార్చుచు పరుగెత్తు చిన్న వాహనములును రాత్రి పొద్దుపోవు కొలదియు ఇక్కడ ఎక్కువగునే గాని తగ్గవు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 17 మీటర్ల మేర దాటును గనుక, ఎదుటివాడు తప్పుగా పోల్చుకొనుటకు పట్టు రెండు సెకనులలోనే ముప్పదినాలుగు మీటర్లు గడచిపోవును. ఒక దీపము ఆరిన ఒంటికన్ను లారీ మోటారుసైకిలువలె కనబడుట ఈ దారిన తిరుగువారందఱు ఎఱిగిన ప్రమాదమే. 2017 ఏప్రిలు నుండి మన దేశమున వచ్చు కొత్త ద్విచక్రవాహనములకు ఇంజను నడచునంతసేపు దీపము దానంతట అదియే వెలుగుచుండవలెనని నియమ మేర్పడిన తరువాత, ఒంటిదీపమును చూచినవాడు దానిని ద్విచక్రవాహనముగా ఎంచుట మఱింత సహజమైనది. అట్టి ఒంటికన్ను ఏల కలుగునో, మూసికొన్న కన్నును తెఱపించుటకు ఏ క్రమమున వెదకవలయునో, నేటి బండ్లలో ఆ వెదకులాటను ఒక నల్లని పెట్టె ఎట్లు చిక్కుపఱచినదో ఈ అధ్యాయమున చెప్పబూనితిమి.

మోటారుబండ్లు పుట్టినపుడు వాటికి విద్యుద్దీపములు లేవు. కాల్షియం కార్బైడు మీద నీటిబొట్లు పడునట్లు చేసి, అందుండి వెలువడు ఎసిటిలీను వాయువును ముట్టించి, వెనుక ఒక దర్పణమును నిలిపి, ఆ వెలుతురున దారి చూచుకొనెడివారు. అది ఆరిపోయిన యెడల దిగి అగ్గిపుల్ల గీయుటకంటె వేఱు రోగనిర్ణయము అక్కఱలేదు. 1912లో కాడిలాక్ కంపెనీవారు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును, డైనమోను, దీపములను ఒకే వ్యవస్థగా కూర్చి తమ బండ్లయందు అమర్చినది మొదలు హెడ్‌లైటు ఒక విద్యుద్వలయములో భాగమైనది, ఆ వలయమునకు వచ్చు జబ్బులన్నియు దానికి సంక్రమించినవి.

వలయ మనగా బయలుదేరిన విద్యుత్తు తిరిగి ఇల్లు చేరుటకు తెగని దారి. బ్యాటరీ ధనధ్రువమును విడిచిన ప్రవాహము ఫ్యూజును దాటి, రిలేను దాటి, బల్బులోని సన్నని టంగ్‌స్టన్ తంతువును తెల్లగా కాల్చి, అక్కడనుండి ప్రత్యేకమైన తీగ యేదియు లేకయే బండియొక్క ఇనుపచట్రము గుండ ఋణధ్రువమును చేరును. ఈ తిరుగుదారిని మన మేస్త్రీలు ఎర్తు అందురు. పోవుదారిని గూర్చి ఎల్లరును ఆలోచింతురు, తిరుగుదారిని గూర్చి తలంచువారు తక్కువ. జబ్బులలో పెక్కింటికి అదియే ఇల్లగుటకు ఈ ఉపేక్షయు ఒక హేతువేమో.

ఇక కొన్ని అంకెలు. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీలో ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచె మెక్కువ నిచ్చును. నిండుగా చార్జి అయిన ఆఱు గదులు కలిసి 12.6 వోల్టులు. కార్లలోను చిన్న బండ్లలోను వాడు మామూలు హాలోజెను బల్బున డిమ్ము తంతువు 55 వాట్లది, బ్రైటు తంతువు 60 వాట్లది. 12 వోల్టుల యొద్ద 55 వాట్లనగా 4.6 ఆంపియర్లు, 1827లో గియోర్గ్ ఓమ్ ప్రకటించిన సూత్రమును పట్టి లెక్కించినచో, వెలుగుచున్న తంతువుయొక్క నిరోధము 2.6 ఓములు మాత్రమే. ఈ స్వల్పసంఖ్యను పాఠకుడు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. తంతువే రెండున్నర ఓములుగా నున్న వలయమున, ఎక్కడనో ఒక తుప్పుపట్టిన అతుకు అర ఓము నిరోధమును తెచ్చి కూర్చున్నచో, అది అల్పమైన అర ఓము కాదు. బల్బునకు దక్కవలసిన వోల్టేజిలో ఆఱవ పాలును అదియే తినివేయును. అంతకంటె విపరీతమైన సంగతి, తంతువుదీపముల వెలుగు వోల్టేజికి అనులోమముగా తగ్గక దానికి మూడింతల తీవ్రతతో పడిపోవును. వోల్టేజి నూటికి పది తగ్గిన వెలుగు నూటికి ముప్పది తగ్గును. ఆఱవ పాలు పోయినచో వెలుగు దాదాపు సగమునకు దిగజాఱును. మేస్త్రీలు ‘బల్బు గుడ్డిగా ఎలగతా ఉంది’ అనుదానికి లెక్క యిదియే.

పెద్ద లారీలలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు ఏల వాడుదురో దీనివలననే తెలియును. వోల్టేజిని రెట్టింపు చేసినచో అంతే పనికి ప్రవాహము సగమైన చాలును. ప్రవాహము సగమైన తీగలోను అతుకులలోను వేడియై పోవు నష్టము నాలుగవ వంతునకు దిగును. పైని చెప్పిన అర ఓము అతుకే 24 వోల్టుల లారీలోని 70 వాట్ల డిమ్ము బల్బుదారిన ఉన్నచో, వెలుగు సగము పోవుటకు మాఱు ఐదవ వంతు మాత్రమే తగ్గును. నేలటూరు ఒడ్డున శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రమున ఒక్కొక్కటి 800 మెగావాట్ల యంత్రములు పుట్టించు విద్యుత్తును 400 కిలోవోల్టులకు ఎక్కించి పంపుటయందును, మనుబోలు పొలములలో ఆ మహోన్నతమైన ఉక్కుగోపురములు నిలిచి యుండుటయందును ఇమిడియున్న సూత్ర మిదియే. ఆ గోపురముల నీడలో టీ త్రాగుటకు నిలిచిన లారీ తన 24 వోల్టులతో అదే పాఠమును చిన్న బలపముతో వ్రాసికొన్నదని చెప్పవచ్చును.

రిలే సంగతి చెప్పక ముందునకు పోరాదు. డాషుబోర్డు మీది సన్నని స్విచ్చిగుండ పది ఆంపియర్ల ప్రవాహమును నడిపినచో దాని పెదవులు కాలిపోవును. అందుచే ఆ స్విచ్చి ఒక చిన్న తీగచుట్టకు మాత్రమే ప్రవాహము నిచ్చును. ఆ చుట్ట అయస్కాంతమై ఒక ఇనుపరేకును లాగును, ఆ రేకు గట్టి తగులుబాట్లను కలిపి హెడ్‌లైటునకు దారి తీయును. చుట్ట నిరోధము 80 నుండి 100 ఓముల దాక నుండును గనుక దానికి పట్టునది ఆంపియరులో ఆఱవ ఏడవ వంతు మాత్రమే. రిలే అడుగున 30, 85, 86, 87 అని అంకెలుండును: 85, 86 చుట్టకు, 30 బ్యాటరీకి, 87 దీపమునకు. దీపపు మీట వేసినపుడు ‘టిక్కు’మని వినబడినచో చుట్ట పనిచేయుచున్నదని అర్థము, తగులుబాటు కలిసినదని మాత్రము కాదు. ఈ భేదమును మఱచి, చప్పుడు వినిపించినది గనుక రిలే మంచిదేనని నిశ్చయించి, దినమంతయు తీగల వెంట తిరుగువా రున్నారు.

ఇటీవలి బండ్లలో ఈ ఫ్యూజులను, రిలేలను, వాటిని ఆడించు చిన్న కంప్యూటరును ఒక్క పలకపై చేర్చి, బానెట్టు క్రింద బ్యాటరీప్రక్క నొక మూతగల పెట్టెలో బంధించి, దానికి పవర్ మాడ్యూలు అని పేరిడినారు. ఇందు దీపపు మీట దీపమును వెలిగించదు. ‘దీపము కావలెను’ అని విజ్ఞాపన చేయును. బాష్ సంస్థవారు 1986లో లోకమునకు వెల్లడించిన క్యాన్ అను సందేశపద్ధతిలో, ఒకదానితో నొకటి మెలివేసిన రెండు తీగల వెంట ఆ విజ్ఞాపన మాడ్యూలునకు చేరును. మాడ్యూలు విచారించి, ఉచితమని తోచినపుడు దారి తెఱచును. కొన్ని మాడ్యూళ్లలో రిలేకు బదులుగా సిలికాను స్విచ్చి యుండును. కదలు రేకులు లేని ఈ స్విచ్చి వెలుగుదారిలో ఓములో నూఱవ వంతు నిరోధమును మాత్రమే నిలుపును. అంతేగాక తనగుండ పోవు ప్రవాహమును తానే కొలుచుకొని, హద్దు మీఱినచో క్షణములో కట్టివేయును, బొత్తిగా తక్కువైనచో బల్బు పోయినదని డ్రైవరునకు ఎఱిగించును. ఇంత తెలివి గల పెట్టె దారిలో నున్నందున, దీపము వెలుగనపుడు అందఱి వ్రేలును మొదట దానివైపే చూపుట వింత కాదు. వెలయు తక్కువ కాదు.

ఒక చిన్న రొయ్యలబండి మనుబోలు దగ్గఱ రోడ్డుప్రక్క కొట్టు ముందు ఆగినదనుకొందము. ఎడమ దీపము గుడ్డిగా నున్నది, కుడిది చక్కగా వెలుగుచున్నది. డ్రైవరు బల్బు మార్చినాడు, ఫ్యూజు మార్చినాడు. “బల్బేసినా, ఫ్యూజేసినా అట్టనే ఉండాది అన్నా. మాడ్యూలు పొయ్యింది, మార్చాల్సిందే అంటన్నారు.” మేస్త్రీ అనుభవజ్ఞుడు. “తొందరపడబాక అబ్బయా, ముందు లైటేసి చూడనీ.” ఈ రెండవ వాక్యమున ‘లైటేసి’ అను మాటలోనే విద్య అంతయు ఉన్నది.

ఏల ననగా, పలువురు చేయు పరీక్ష మఱొకటి. బల్బును ఊడదీసి, హోల్డరు కాళ్ల మధ్య మల్టీమీటరు సూదులను పెట్టుదురు; 12 వోల్టులని చూపును; కరెంటు వచ్చుచున్నదని సంతృప్తి చెంది, లోపము మఱెక్కడనో ఉన్నదని వెదకబోవుదురు. కాని మీటరునకు లోపలి నిరోధము కోటి ఓములు. అది ఆశించు ప్రవాహము ఆంపియరులో పదిలక్షల వంతు మాత్రమే. దారిలో అర ఓము కాదు, వేయి ఓముల తుప్పు ఉన్నను, అంత అల్పప్రవాహమునకు అక్కడ తరుగునది వోల్టులో వేయవ వంతు; మీటరు నిష్కల్మషముగా 12 అని చూపును. అదే వేయి ఓముల గుండ బల్బు నాలుగున్నర ఆంపియర్లను అడిగినచో దొరుకునది ఆంపియరులో నూఱవ వంతు. తంతువు గోరువెచ్చనయు కాదు. తూము మూసియున్నపుడు పూడిక పడిన కాలువలో సైతము నీరు మొదటినుండి చివఱ వఱకు ఒకే మట్టమున నిలిచియుండును. తూములు తెఱచి నీరు పాఱుట మొదలైన తరువాతగదా చివఱి మడిరైతు గొల్లుమనుట, పూడిక యెక్కడ నున్నదో మట్టము పడిపోయిన చోటు చూపుట! విద్యుత్తునకును ఇదే న్యాయము. పనిలేని వలయమున ప్రతి అతుకును ఉత్తమమైనదిగానే కనబడును. కనుక మంచి మేస్త్రీ బల్బును ఊడదీయడు. వెలుగుచుండగానే, హోల్డరు వెనుకనుండి సూదులను దూర్చి కొలుచును. మీటరు లేనివాని పాత టెస్టరులైటు ఈ విషయమున మీటరుకంటె మేలు, తాను కొంత ప్రవాహమును త్రాగును గనుక.

మన బండిలో ఆ విధముగా కొలిచినపుడు లభించు అంకెలు ఇట్లుండునని భావింతము. ఇంజను ఆపి, దీపములు వేసియున్నపుడు బ్యాటరీ రెండు ధ్రువముల మధ్య 12.3 వోల్టులు. వెలుగుచున్న ఎడమ బల్బు కాళ్ల మధ్య 10.2. అనగా 2.1 వోల్టులు దారిలో ఎక్కడనో దిగిపోయినవి. 1845లో గుస్తావ్ కిర్కాఫ్ నిరూపించినట్లు వలయములో వోల్టేజి ఎక్కడను మాయము కాదు. ప్రతి అంశయు ఏదో యొక నిరోధము పద్దున జమయై యుండవలెను. ఇప్పుడు మేస్త్రీ ఒక సూదిని బ్యాటరీ ధనధ్రువమునందును, రెండవదానిని బల్బునకు కరెంటు వచ్చు కాలియందును ఉంచును. ఒకే తీగకు రెండు కొనల నడుమ ఏమి కొలుతువయ్యా అని ప్రక్కవాడు నవ్వవచ్చును గాని, కొలవవలసినది సరిగా అదియే. 0.3 వోల్టు. ఫ్యూజు, మాడ్యూలు, దానిలోని రిలే, నాలుగు కనెక్టర్లు, పొడవైన తీగ, ఇవన్నియు కలిసి తిన్నది ఆ మూడు పదియవ వంతులే, అవి నిర్దోషులు. తరువాత బల్బు ఎర్తుకాలికిని బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ కొలిచినచో 1.8. దొంగ తిరుగుదారిలో నున్నాడు. ఎర్తుతీగ వెంట పోయి, తీగ కొసన బిగించిన రింగు వఱకు కొలిచినచో 0.1, రింగునుండి గీకి మెఱపించిన చట్రపు ఇనుము వఱకు 1.6, చట్రమునుండి బ్యాటరీ వఱకు మఱల 0.1. రింగునకును చట్రమునకును మధ్య, పది నంబరు స్పానరుతో విప్పదగిన ఒక బోల్టు క్రింద, కాగితమంత మందము లేని తుప్పుపొరలో వోల్టున్నర దాక కాలిపోవుచున్నది. నాలుగు ఆంపియర్లకు పైబడిన ప్రవాహముతో అది ఆఱు వాట్లకు పైగా వేడి. చేయి పెట్టినచో చుఱుక్కుమనును. బోల్టు విప్పి, ఎమెరీకాగితముతో రెండు ముఖములను గీకి, బిగించి, పైన గ్రీజు పూసినచో 1.6 కాస్త 0.05 అగును. మాడ్యూలు మార్చియున్నచో ఎడమ దీపము గుడ్డిగానే యుండును, డ్రైవరు జేబు మాత్రము ఖాళీయై యుండును. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తుట ఇట్టిదే.

ఈ తీరమున ఇట్టి తుప్పు అంత విరివిగా పుట్టుటకు కారణము గలదు. మనుబోలు నుండి సముద్రము కనబడదు గాని, కండలేరు ముఖమున పోటునీరు ఎక్కిదిగు నేలలకును, ఉప్పునీటి గుంటలకును ప్రతిదినము పోయివచ్చు బండికి సముద్రము తోడుగానే తిరుగుచుండును. రొయ్యల పెట్టెలనుండి కాఱు నీరు ఛాసిసుపై పడి యెండును. ఎండిన ఉప్పు రాత్రి గాలిలోని తేమను పీల్చి మఱల ద్రవమగును. ఇనుపచట్రము, తగరపుపూత గల ఇత్తడిరింగు, నడుమ ఉప్పునీరు, ఈ మూడును కలిసినచోట ఒక చిన్న బ్యాటరీయే ఏర్పడి ఇనుమును తినివేయును. రాగి తీగకు పట్టు పచ్చని చిలుము మఱింత కపటి. అది రింగుచెంత మొదలై, రబ్బరు తొడుగు లోపల, సన్నని పోచల నడుమనుండి తడి ఎగబ్రాకినంత దూరము ఎగబ్రాకును. వెలుపలికి తీగ నవనవలాడుచుండగనే లోపల ముప్పది పోచలలో రెండు మూడు మిగిలి యుండును. చేతితో వంచి చూచినచో తక్కిన తీగవలె తిరిగి నిటారుగా లేవక, ఆ చోట మెత్తగా వ్రాలుట దానికి గుర్తు.

ఇక్కడ మేస్త్రీలతో చిన్న తగవు పెట్టుకొనక తప్పదు. టెస్టరులైటు సూదితో తీగ తొడుగును పొడిచి కరెంటు చూచు అలవాటు దేశమంతట ఉన్నది. పొడి ప్రదేశములలో దానివలన పెద్ద హాని కలుగకపోవచ్చును. ఈ ఉప్పుగాలిలో ఆ సూదిబెజ్జమే కొన్ని నెలలకు కొత్త జబ్బునకు ద్వారమగును. నేటి పరీక్ష రేపటి లోపమునకు విత్తనము వేయుట అన్యాయము. కనెక్టరు వెనుకనుండి సూది దూర్చుటకు చోటు సాధారణముగా ఉండును. పొడువక తీఱనపుడు బెజ్జమును వార్నిషుతోనైనను మూయవలెను.

ఎర్తు పూర్తిగా తెగిన యెడల జరుగు వింత వేఱు. డిమ్ము, బ్రైటు తంతువులు రెండును ఒకే బల్బులో నుండి, వాటికి ఎర్తుకాలు ఉమ్మడిగా నుండును. ఎడమ బల్బు ఎర్తు తెగినది, డ్రైవరు డిమ్ము వేసినాడు. కరెంటు డిమ్ము తంతువును దాటి ఉమ్మడి కాలికి వచ్చి, పోదారి లేక, అదే బల్బులోని బ్రైటు తంతువుగుండ వెనుకకు ఎక్కి, బ్రైటు తీగ వెంట కుడి బల్బునకు పోయి, అక్కడి బ్రైటు తంతువును దాటి, కుడివైపు ఎర్తున దిగిపోవును. మూడు తంతువులు వరుసగా పడి పన్నెండు వోల్టులను పంచుకొనుటచే ఎడమ బల్బున రెండు తంతువులును ఎఱ్ఱగా మినుకుమినుకు మనును. బ్రైటు తీగమీదనే వ్రేలాడు డాషుబోర్డులోని నీలిరంగు గుర్తుదీపము, బ్రైటు వేయకున్నను, మందముగా వెలుగును. ఆ నీలిదీపమును చూచినవాడు మాడ్యూలునకు మతిపోయినదని ప్రమాణము చేయును. పాతకాలపు మేస్త్రీ మాత్రము బండి దిగకుండగనే ‘ఎడమ ఎర్తు’ అనును.

అట్లని మాడ్యూలు ఎన్నడును చెడదనుట సత్యము కాదు. పైని చెప్పిన పరీక్షలో ఫ్యూజునకు వచ్చు వోల్టేజి బాగుండి, మాడ్యూలు దాటిన వెంటనే, దీపము వెలుగుచుండగా, రెండు మూడు వోల్టులు దిగిపోయినచో, లేక కుదుపునకు కుదుపునకు అంకె మాఱుచున్నచో, నేర మప్పుడు పెట్టెలోనిదే. ఇందు పెక్కుచోట్ల దోషి సూక్ష్మమైన కంప్యూటరు కాదు, మోటైన సీసపుటతుకు. రిలే కాలు పలకలో దిగిన చోట దాని చుట్టును పోసిన అతుకు, దీపము వేసినపుడెల్ల వేడెక్కి వ్యాకోచించి, ఆర్పినపుడెల్ల చల్లారి సంకోచించి, ఇంజను అదురుచుండ వేలసారులు ఇట్లు జరుగగా, కాలిచుట్టును వెండ్రుకవంటి వలయాకారపు చీలిక తీయును. చల్లగా నున్నపుడు ఆ చీలిక ముఖములు తాకియుండుటచే దీపము వెలుగును; అరగంట ప్రయాణము తరువాత వేడికి విడిపోయి ఆరిపోవును; మేస్త్రీకడ ఆపి బానెట్టు ఎత్తి గాలి తగులనిచ్చునప్పటికి మఱల వెలుగును. రోగి వైద్యుని యింట ఆరోగ్యవంతుడగుట ఇతర విద్యలవారికిని తెలిసిన దుఃఖమే. దీపము వేసియుంచి, స్క్రూడ్రైవరు పిడితో పెట్టెపై మెల్లగా తట్టి చూచుటకంటె ఇందులకు మంచి పరీక్ష లేదు. భూతద్దముతో చూచి ఆ యొక్క కాలికి సీసము మఱల పోసినచో పెట్టె ఏండ్లతరబడి పనిచేయును.

తగులుబాట్లు కాలుట రెండవది. చల్లని టంగ్‌స్టన్ నిరోధము వెలుగునపుడున్న దానిలో పదియవ వంతే. మీట వేసిన తొలిక్షణమున నాలుగున్నర ఆంపియర్లకు బదులు నలుబది దాక దూకవచ్చును. కంటికి కనబడని ఆ ప్రథమఘాతమే రిలే పెదవులను కొంచెము కొంచెముగా కాల్చును. సిలికాను స్విచ్చి యున్న మాడ్యూళ్లలో ఈ ఘాతమును కొన్ని మిల్లీసెకనుల వఱకు సహింపుమని ముందే ఉపదేశించి యుందురు. డ్రైవరు వెలుతురు చాలదని 100 వాట్ల బల్బు పెట్టినచో ఆ ఉపదేశము చాలక స్విచ్చి కట్టివేయుట, చల్లారి మఱల తెఱచుట, మఱల కట్టివేయుట జరిగి దీపము కొట్టుకొనును. పెట్టెకు జబ్బు కాదది, ఆత్మరక్షణ. పాత వలయమున ఇట్టి అత్యాశకు అడ్డుపడినది ఫ్యూజు ఒక్కటే. అది కాలినచో ఎఱ్ఱని పది ఆంపియర్ల ఫ్యూజుకు మాఱు పచ్చని ముప్పది ఆంపియర్లది గుచ్చుట, అదియు దొరకనిచో రాగిపోచ చుట్టుట మన దారులలో చూడనిది కాదు, దానివలన బండ్లు కాలుటయు విననిది కాదు.

వేడిని పోగొట్టుట ఈ సిలికాను స్విచ్చులకు ప్రాణసమము. వేడి పోవలెను, విద్యుత్తు పోరాదు. పూర్వపు పవర్ ట్రాన్సిస్టర్లకును వాటిని బిగించు లోహపుపలకకును నడుమ ఈ రెండు పనులును చేయుటకు అభ్రకపు పొరను ఉంచెడివారు. స్టార్టరు, డైనమోల తిరుగుముక్కలలో రాగిపట్టీలను వేఱుచేసినదియు అభ్రకమే. మనుబోలు చుట్టుప్రక్కల గూడూరు, సైదాపురము, రాపూరు గనులు ఆ అభ్రకమునకే పేరుపడినవి. ఇది ప్రసంగవశమున చెప్పిన మాట. ఇప్పటి మాడ్యూళ్లలో ఆ పని ఎక్కువగా కృత్రిమపదార్థములే చేయుచున్నవి.

సిలికాను స్విచ్చి తెచ్చిన మఱియొక చిక్కు మీటరును నమ్మినవానికి. ఇంజను నడచుచుండగా ఆల్టర్నేటరు 14.4 వోల్టుల నిచ్చునపుడు, అంతయు బల్బునకు పోనిచ్చినచో దాని ఆయువు త్వరగా తీఱును. అందుచే కొన్ని మాడ్యూళ్లు సెకనుకు నూఱుమార్ల ప్రాంతమున దీపమును ఆర్పి వెలిగించుచు, నూటికి ఎనుబదినాలుగు పాళ్లు మాత్రమే తెఱచియుంచును. తంతువునకు చల్లారు వ్యవధి యుండదు గనుక కంటికి ఏమియు తెలియదు. మామూలు మీటరు దీనిని సగటు గట్టి 12.1 వోల్టులు అని చూపును, రెండు వోల్టులకు పైగా పోయినవని మేస్త్రీ కలవరపడును. తంతువు వేడెక్కుటకు సంబంధించిన నిజమైన విలువ 13.2, లోపమేమియు లేదు. అట్టి బండిలో ఇంజను ఆపి కొలుచుటయో, ఎడమను కుడితో పోల్చుటయో శ్రేయస్కరము.

స్కానరు తగిలించి చూచువారికిని ఒక మాట. ‘ఎడమ డిమ్ము, తెగిన వలయము’ అని అది చూపినపుడు చెప్పుచున్నది బల్బు పోయినదని కాదు. మాడ్యూలు ఎదురుచూచినంత ప్రవాహము పోవుట లేదని మాత్రమే. బల్బు, హోల్డరు, తీగ, ఎర్తు, ఏది తెగినను దాని కంటికి ఒక్కటియే. స్కానరులో ఉపయోగకరమైనది వేఱొకటి: దానిచేతనే మాడ్యూలునకు దీపము వేయుమని ఆజ్ఞ యిప్పించవచ్చును. ఆ ఆజ్ఞకు దీపము వెలిగినచో, మాడ్యూలు మొదలు బల్బు దాక అంతయు కుశలము. చెడినది మీటయో, మీటనుండి సందేశము వచ్చు దారియో.

ఎల్.ఇ.డి. బల్బులను పాత హాలోజెను హోల్డర్లలో పెట్టించుకొనువారు ఇపుడు ఈ దారిన ఎక్కువైనారు. అవి 25 వాట్లతోనే పని నడుపుటచే, 55 వాట్ల ప్రవాహమునకు ఎదురుచూచు మాడ్యూలు బల్బు పోయినదని భ్రమించి హెచ్చరికదీపమును వెలిగించును, ఒక్కొక్కపుడు కరెంటునే ఆపును. తెఱచి మూయు స్విచ్చి వలన, తంతువువలె వేడిని నిలుపుకొను గుణము లేని ఎల్.ఇ.డి. రెపరెపలాడుటయు కలదు. దీనికి అంగళ్లలో అమ్ము పరిహారము ఆఱు ఓముల నిరోధమొకటి. దానిని బల్బునకు సమాంతరముగా కట్టుదురు. 13.5 వోల్టుల యొద్ద అది 30 వాట్లను త్రాగి మాడ్యూలును నమ్మించును. ఎల్.ఇ.డి. మిగిల్చిన ముప్పది వాట్లు సరిగా అక్కడనే వేడియై పోవును గాన, ఆ నిరోధమును ప్లాస్టికు భాగములకు, తీగలకట్టలకు తాకనీయక, పెయింటు గీకిన ఇనుపరేకుపై స్క్రూలతో బిగింపవలెను.